వినియోగదారుల అభిప్రాయం చరిత్రకు ఆధారమవుతుందా? అటారి కంపెనీ పతనం, 1982–84

ప్రస్తావన

2014 ఏప్రిల్ 26న అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో, అలమొగోర్డో అనే చిన్న పట్టణపు చెత్త దిబ్బ దగ్గర జనం గుమిగూడారు. ఆ రోజు దుమ్ము గాలి వీస్తోంది. ప్రొక్లెయిన్ యంత్రం ముప్పై ఏళ్ల నాటి చెత్తను పొరలు పొరలుగా తోడి పైకి తెస్తోంది. అందులోంచి నలిగిన అట్టపెట్టెలూ, నల్లటి ప్లాస్టిక్ కార్ట్రిడ్జ్‌లూ బయటపడ్డాయి. అవి అటారి కంపెనీ తయారుచేసిన వీడియో గేములు. 1983లో కంపెనీయే వాటిని లారీల్లో తెచ్చి అక్కడ పూడ్చిపెట్టింది.

చరిత్ర విద్యార్థులైన మీకు తవ్వకాలు కొత్త కాదు. కోటిలింగాలలో దొరికిన నాణేలు పురాణాల జాబితాల్లో లేని పాలకుల పేర్లను వెలుగులోకి తెచ్చాయని మీరు చదివే ఉంటారు. అలమొగోర్డో గోతిలో దొరికినవి ఏ రాజు పేరూ చెప్పవు. అయితే కోట్లమంది మామూలు కొనుగోలుదారులు ఒక పెద్ద కంపెనీ గురించి ఏమనుకున్నారో తెలుసుకోవడానికి అవి పనికొస్తాయి. ఎలాగో ఈ పాఠంలో చూద్దాం.

మన ఇబ్బంది ఇది. రాజులు శాసనాలు వేయించారు, కంపెనీలు వార్షిక నివేదికలు అచ్చువేశాయి. బజారుకు వెళ్లి ఒక వస్తువు కొని, ఇంటికి తెచ్చి, వాడి చూసి పెదవి విరిచిన మనిషి ఏమీ రాసిపెట్టలేదు. అతను చేసిందల్లా మళ్లీ కొనకపోవడమే. జరగని పనికి ఆధారం ఎక్కడ వెతకాలి?

అటారి ఎదిగిన తీరు

నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ 1972లో కాలిఫోర్నియాలో అటారి కంపెనీని స్థాపించారు. అదే ఏడాది వచ్చిన 'పాంగ్' అనే ఆట యంత్రం బార్లలో, ఆటల కేంద్రాల్లో బాగా నడిచింది. 1976లో సినిమా, సంగీత వ్యాపారాల్లో ఉన్న వార్నర్ కమ్యూనికేషన్స్ సంస్థ దాదాపు 2 కోట్ల 80 లక్షల డాలర్లకు అటారిని కొనేసింది. ఆ మరుసటి ఏడాది, అంటే 1977లో, ఇంట్లో టీవీకి తగిలించుకొనే యంత్రం బజారులోకి వచ్చింది. దాన్నే తర్వాతి కాలంలో అటారి 2600 అన్నారు.

ఈ యంత్రం ప్రత్యేకతను గుర్తుంచుకోండి, తర్వాతి కథంతా దానిమీదే ఆధారపడింది. యంత్రం ఒకసారి కొంటే చాలు. ఆటలు మాత్రం విడివిడిగా కార్ట్రిడ్జ్‌ల రూపంలో కొనుక్కోవాలి. ఒక్కొక్కటి సుమారు 20 నుంచి 40 డాలర్లు. పెట్టె మీద అద్భుతమైన రంగుల బొమ్మ ఉంటుంది. లోపలి ఆటలో కనిపించేవి కొన్ని చతురస్రాలూ గీతలే. ఇంటికి వెళ్లి టీవీకి తగిలించేవరకు ఆట ఎలా ఉంటుందో కొన్నవాడికి తెలియదు. పుచ్చకాయ కొనేటప్పుడు కనీసం తట్టి చూస్తాం, కోసి చూపమని అడుగుతాం. ఇక్కడ ఆ వీలు కూడా లేదు. కాబట్టి కొనుగోలు మొత్తం నమ్మకం మీద జరిగేది.

1980లో ఆటల కేంద్రాల్లో పేరుపొందిన 'స్పేస్ ఇన్వేడర్స్' ఇంటి యంత్రానికి రావడంతో అమ్మకాలు అమాంతం పెరిగాయి. ఆ ఆట కోసమే యంత్రం కొన్నవాళ్లు ఎందరో. అప్పటికి ఆ నమ్మకం వమ్ము కాలేదు.

కొన్నవాళ్లు రాసిన ఉత్తరాలు

వినియోగదారులు ఏమీ రాయలేదని పైన అన్నాను. కొందరు రాశారు. 1980లో సాల్ట్ లేక్ సిటీకి చెందిన పదిహేనేళ్ల కుర్రాడొకడు అటారికి ఉత్తరం రాశాడు. 'అడ్వెంచర్' అనే ఆటలో కంటికి దాదాపు కనిపించనంత చిన్న చుక్క ఒకటి ఉందనీ, దాన్ని పట్టుకొని ఒక గోడ దాటితే రహస్యపు గది వస్తుందనీ, అందులో ఆట తయారుచేసిన వ్యక్తి పేరు ఉందనీ అతను తెలియజేశాడు.

కంపెనీకే ఆ సంగతి తెలియదు. ఆట రూపొందించిన వారెన్ రాబినెట్ అప్పటికే ఉద్యోగం వదిలి వెళ్లిపోయాడు. ఆటల మీద రూపకర్తల పేర్లు వేయడం అటారి పద్ధతి కాదు, అమ్మకాల్లో వాటా ఇవ్వడమూ లేదు. ఆ కోపంతో రాబినెట్ తన పేరును ఎవరికీ చెప్పకుండా ఆటలోనే దాచాడు. దాన్ని తీసేయాలంటే ఖర్చవుతుందని కంపెనీ అలాగే వదిలేసింది. పైగా ఇలాంటి రహస్యాలు ఆడేవాళ్లకు నచ్చుతాయని అక్కడి అధికారి ఒకరు గ్రహించి వీటికి 'ఈస్టర్ ఎగ్' అని పేరు పెట్టారు. ఈస్టర్ పండుగనాడు దాచిన గుడ్లను పిల్లలు వెతికి పట్టుకొనే ఆటనుంచి వచ్చింది ఈ పేరు. కంపెనీలోని వాళ్లు కూడా చూడనంత శ్రద్ధగా ఒక పిల్లవాడు ఆ సరుకును చూశాడని ఈ ఉత్తరం చెబుతోంది. అమ్మేవాడికన్నా కొన్నవాడికి వస్తువు గురించి ఎక్కువ తెలిసే సందర్భాలు చరిత్రలో అరుదేమీ కాదు.

1979లో అటారి నుంచి బయటికొచ్చిన కొందరు రూపకర్తలు ఆక్టివిజన్ అనే సంస్థ పెట్టారు. అటారి యంత్రానికి మరొకరు ఆటలు తయారుచేయడం అదే మొదలు. అటారి కోర్టుకు వెళ్లింది గాని ఆపలేకపోయింది. 1982లో రాజీ కుదిరింది. ఈ కొత్త సంస్థ తన రూపకర్తల పేర్లు ముద్రించింది. ఫలానా ఆటలో ఇన్ని పాయింట్లు సాధించి, టీవీ తెరను ఫోటో తీసి పంపిన వారికి గుడ్డతో కుట్టిన బ్యాడ్జి తిరుగు టపాలో పంపేది. ఆ ఫోటోలు, ఉత్తరాలు వినియోగదారుల చరిత్రకు మంచి ముడిసరుకు.

1981 చివర్లో 'ఎలక్ట్రానిక్ గేమ్స్' అనే పత్రిక మొదలైంది. అందులో సమీక్షలు, పాఠకుల ఉత్తరాలు, పాఠకులు ఎంచుకున్న ఆటల జాబితాలు వచ్చేవి. ఇలాంటి ఆధారాలను వాడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. పత్రికకు ఉత్తరం రాసేవాడు ఆటలంటే ప్రాణం పెట్టేవాడు. పండక్కి పిల్లవాడికి ఒక కార్ట్రిడ్జ్ కొనిచ్చి ఊరుకొనే తల్లి ఏ పత్రికకూ ఉత్తరం రాయదు. అటారి అమ్మకాల్లో పెద్ద భాగం అలాంటి తల్లిదండ్రుల జేబుల్లోంచి వచ్చింది.

అభ్యసన ప్రగతి: పత్రికలో అచ్చయిన పాఠకుల ఉత్తరాలు ఎవరి అభిప్రాయాన్ని చూపుతాయి, ఎవరి అభిప్రాయాన్ని వదిలేస్తాయి? మీ మాటల్లో ఐదు వాక్యాలు రాయండి.

1982: నమ్మకం సడలిన సంవత్సరం

1982 వసంతంలో 'ప్యాక్‌మ్యాన్' ఇంటి యంత్రానికి వచ్చింది. ఆటల కేంద్రాల్లో దేశాన్ని ఊపేసిన ఆట అది. ఇంటికి వచ్చిన రూపంలో భూతాలు మిణుకు మిణుకుమంటూ మాయమయ్యేవి, రంగులు వేరు, శబ్దాలు వేరు. అయినా 70 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఆ యంత్రానికి వచ్చిన ఆటల్లో అంతగా అమ్ముడైనది మరొకటి లేదు.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. అమ్మకాల అంకెలే చూస్తే ఇది ఘనవిజయం. కొన్నవాళ్లకు నచ్చిందా అంటే, చాలామంది నిరాశపడ్డారు. ఈ రెండూ ఒకే ఏడాది నిజాలే. ఎందుకంటే డబ్బు చెల్లించేది ముందు, అభిప్రాయం ఏర్పడేది తర్వాత. ఈ ఆట మీద కలిగిన అభిప్రాయం ఈ ఆట అమ్మకాల్లో కనబడదు, తర్వాత వచ్చే ఆట అమ్మకాల్లో బయటపడుతుంది. అమ్మకాల పట్టికలను ఆధారంగా తీసుకొనే విద్యార్థులు తరచుగా మరిచిపోయే విషయం ఇదే. కంపెనీ పెద్దలు కూడా దీన్నే మరిచిపోయారు.

ఆ వేసవిలో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన 'ఇ.టి.' సినిమా విడుదలై విపరీతంగా ఆడింది. దాని మీద ఆట తయారుచేసే హక్కుల కోసం వార్నర్ రెండు కోట్ల డాలర్లకు పైగా చెల్లించిందని చెబుతారు. బేరం తెమిలేసరికి జులై నెలాఖరు అయింది. డిసెంబరులో క్రిస్మస్ బజారుకు సరుకు అందాలంటే సెప్టెంబర్ మొదటికే ఆట పూర్తికావాలి. హోవర్డ్ స్కాట్ వార్షా అనే రూపకర్తకు దొరికింది దాదాపు ఐదు వారాలు. మామూలుగా నెలల తరబడి పట్టే పని అది. ఆయన చెప్పిన గడువుకు పూర్తిచేశాడు. ఆడిన పిల్లలకు మాత్రం కథానాయకుడు అడుగడుగునా గోతుల్లో పడటమే గుర్తుండిపోయింది. సుమారు 40 లక్షల కార్ట్రిడ్జ్‌లు తయారుచేస్తే 15 లక్షల పైచిలుకు అమ్ముడయ్యాయి.

అదే సమయంలో లాభం చూసి అందరూ ఈ వ్యాపారంలోకి దూకారు. ఓట్స్ అమ్మే క్వేకర్ సంస్థకు ఒక వీడియో గేమ్ కంపెనీ ఉండేది. ప్యూరినా సంస్థ కుక్కల ఆహారం ప్రచారానికి ఒక ఆట వచ్చింది. దుకాణాల అరలు నిండిపోయాయి. పెట్టెలన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. ఏది మంచిదో ఏది నాసిరకమో దుకాణదారుడికే తెలియనప్పుడు కొనేవాడికి ఎలా తెలుస్తుంది?

ఇక తల్లిదండ్రుల సంగతి. మసాచుసెట్స్ రాష్ట్రంలోని మార్ష్‌ఫీల్డ్ పట్టణం 1982లో నాణెం వేసి ఆడే యంత్రాలను నిషేధించింది. 2014 వరకు ఆ నిషేధం తొలగలేదు. అదే ఏడాది నవంబరులో దేశపు సర్జన్ జనరల్ సి. ఎవరెట్ కూప్ వీడియో గేములు పిల్లలకు చేటు చేస్తాయన్న అర్థంలో మాట్లాడి, అది తన సొంత అభిప్రాయమే తప్ప శాస్త్రీయ ఆధారం లేదని వెంటనే సవరించుకున్నారు. సవరణ ఎందరు చదివి ఉంటారో మీరే ఊహించండి. ఈ భయాన్ని కమడోర్ అనే కంప్యూటర్ కంపెనీ చక్కగా వాడుకుంది. ఆటలు మాత్రమే ఆడే యంత్రం ఎందుకు, పిల్లవాడు చదువుకోవడానికి కూడా పనికొచ్చే కంప్యూటరే కొనరాదా అని టీవీ ప్రకటనల్లో అడిగింది. 1982లో 595 డాలర్లకు వచ్చిన కమడోర్ 64 ధర మరుసటి ఏడాదికి 200 డాలర్ల దరిదాపులకు దిగింది. ఆ కంప్యూటర్ కొన్న ఇళ్లలో కూడా పిల్లలు ఎక్కువగా ఆడింది ఆటలే అన్నది వేరే సంగతి.

పతనం

1982 డిసెంబరులో అటారి తన ఆదాయపు పెరుగుదల అనుకున్నంత ఉండదని ప్రకటించింది. వెంటనే వార్నర్ షేరు ధర దాదాపు మూడోవంతు పడిపోయింది. దుకాణదారులు అమ్ముడుపోని సరుకు వెనక్కి పంపసాగారు. చిన్న కంపెనీల సరుకు వెనక్కి పంపుదామన్నా ఆ కంపెనీలే మూతపడ్డాయి. అందువల్ల దుకాణాలు ఆ కార్ట్రిడ్జ్‌లను బుట్టల్లో పోసి నాలుగైదు డాలర్లకు అమ్మాయి. దానితో 30 డాలర్ల కొత్త ఆట వైపు చూసేవాడు లేకపోయాడు. 1983లో అటారి నష్టం 53 కోట్ల 60 లక్షల డాలర్లు. అమెరికాలో ఇంటి వీడియో గేముల వ్యాపారం 1983లో 320 కోట్ల డాలర్ల నుంచి 1985 నాటికి 10 కోట్ల డాలర్లకు కుంగిపోయిందని సాధారణంగా చెప్పే లెక్క. 1984 జులైలో వార్నర్ అటారిలోని ఇంటి యంత్రాల విభాగాన్ని జాక్ ట్రామెల్‌కు అమ్మివేసింది. కమడోర్ స్థాపకుడు ఆయనే.

1983 సెప్టెంబరులో టెక్సాస్ రాష్ట్రం ఎల్ పాసోలోని అటారి కర్మాగారం నుంచి లారీలు అలమొగోర్డోకు వెళ్లాయి. సరుకును గోతిలో పోసి తొక్కించారు. స్థానిక పిల్లలు కొన్ని ఏరుకుపోయారు. తర్వాత పైన కాంక్రీటు పోశారు. పత్రికల్లో వార్త వచ్చింది. కాలం గడిచేకొద్దీ అది జనశ్రుతిగా మారింది. లక్షలాది 'ఇ.టి.' కార్ట్రిడ్జ్‌లు అక్కడ ఉన్నాయనీ, ఆ ఒక్క చెడ్డ ఆటే కంపెనీని ముంచిందనీ చెప్పుకున్నారు. అసలు పూడ్చడమే అబద్ధమన్నవాళ్లూ ఉన్నారు.

గోతి చెప్పిన సాక్ష్యం

2014 తవ్వకంలో దాదాపు 1,300 కార్ట్రిడ్జ్‌లు బయటికి తీశారు. అక్కడ మొత్తం 7 లక్షల 28 వేలు పూడ్చామని, ఆనాడు ఆ పని చూసిన అటారి మాజీ అధికారి చెప్పారు. దొరికిన వాటిలో 'ఇ.టి.' కొంత భాగమే. మిగతావి అనేక రకాల ఆటలు. 'సెంటిపీడ్' లాంటి పేరున్న ఆటలు కూడా వాటిలో ఉన్నాయి. అంటే జనం మెచ్చిన ఆటలూ, తిట్టుకున్న ఆటలూ ఒకే గోతిలో పడ్డాయి.

ఈ సాక్ష్యం విలువను తక్కువగా అంచనా వేయకండి. ఒక్క ఆట మీదే కోపమైతే ఆ ఒక్క ఆటే మిగిలిపోవాలి. మంచి ఆటలు కూడా మిగిలిపోయాయంటే కొనుగోలుదారు ఆట ఆటకూ విడివిడిగా తీర్పు చెప్పడం మానేశాడన్నమాట. పెట్టె మీది బొమ్మనూ, కంపెనీ పేరునూ నమ్మి డబ్బు పెట్టే అలవాటునే వదులుకున్నాడు. ఒక రూపకర్త ఐదు వారాల్లో చేసిన ఆట మీద నెపం వేయడం అందరికీ సులువు. అంతకు ముందే సరుకు లెక్కలేకుండా తయారుచేయించిన పెద్దలు ఆ నెపం వెనక దాక్కోవచ్చు. వార్షాకు ఆ ఐదు వారాలు ఇచ్చిందెవరన్న ప్రశ్న జనశ్రుతిలో వినిపించదు.

అయితే గోతికీ పరిమితి ఉంది. అది మిగిలిపోయిన సరుకు ఎంతో చూపుతుంది, ఎందుకు మిగిలిందో చెప్పదు. విసుగా, ఖరీదా, పిల్లల చదువు మీద బెంగా, కంప్యూటర్ మీద మోజా? అందుకే గోతిని ఉత్తరాలతో, పత్రికలతో, ధరల తగ్గింపుతో కలిపి చదవాలి. గోతిలోని 'ఇ.టి.' కార్ట్రిడ్జ్ ఒకటి ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది.

తర్వాత వచ్చినవాడు అర్థం చేసుకున్నది

అమెరికా దుకాణదారులు వీడియో గేముల మోజు తీరిపోయిందని నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయం తప్పని చెప్పడానికి జపాన్ వైపు చూస్తే చాలు. అటారి సరుకు మట్టిలో కలిసిన 1983లోనే, జులైలో, నింటెండో తన ఫామికామ్ యంత్రాన్ని అక్కడ విడుదల చేసి విజయం సాధించింది. జనానికి ఆటల మీద విరక్తి కలగలేదు.

1985 శరదృతువులో అదే యంత్రం రూపం మార్చుకొని న్యూయార్క్ దుకాణాలకు వచ్చింది. వీడియో గేమ్ అన్న మాటే వాడకుండా 'ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్' అన్నారు. బూడిదరంగు పెట్టెలో వీసీఆర్‌లో క్యాసెట్ పెట్టినట్టు కార్ట్రిడ్జ్ పెట్టాలి. జతగా ఒక బొమ్మ రోబో. అమ్ముడుపోకపోతే సరుకు తామే వెనక్కి తీసుకుంటామని దుకాణాలకు హామీ ఇచ్చారు. ఇవన్నీ పై మెరుగులు. అసలు సంగతి యంత్రం లోపలి ఒక చిప్‌లో ఉంది. నింటెండో అనుమతి లేని కార్ట్రిడ్జ్ పెడితే యంత్రం పనిచేయదు. ఆటల పెట్టెల మీద నాణ్యతా ముద్ర వేశారు. బయటి సంస్థ ఏదైనా ఏడాదికి ఐదు ఆటలకు మించి ఇవ్వకూడదన్నారు. కార్ట్రిడ్జ్‌లు నింటెండోయే తయారుచేసి ఇచ్చేది.

కొన్నవాడి అనుమానాన్ని ఇంత సరిగ్గా చదివిన కంపెనీ ఆ రోజుల్లో మరొకటి లేదని నా అభిప్రాయం. పెట్టెలో ఏముందో తెలియదన్న భయానికి అది జవాబు చెప్పింది. కాని ఆ జవాబుతోపాటు తాళంచెవి కూడా కంపెనీ చేతికి వెళ్లింది. ఏ ఆట రావాలి, ఎన్ని రావాలి అన్నది ఒక్క చోటే తేలసాగింది. దుకాణాలు యంత్రాన్ని నిర్ణయించిన ధరకన్నా తక్కువకు అమ్మకుండా ఒత్తిడి చేసిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, కొన్ని రాష్ట్రాలు నింటెండో మీద ఆరోపణ తెచ్చాయి. 1991లో తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ రాజీకి వచ్చింది. యంత్రం కొన్నవాళ్లకు తలా ఐదు డాలర్ల కూపన్ ఇచ్చారు. ఆ కూపన్ చెల్లేది నింటెండో సరుకు మళ్లీ కొన్నప్పుడే.

మీ ఊళ్లో

మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం 1986 డిసెంబరులో వచ్చింది. కొన్నవాడి గోడు వినిపించుకొనే హక్కును అది పేర్కొంది. కాని 1990లలో మన పట్టణాల్లో గంటకు ఇంత అని తీసుకొని టీవీ ముందు కూర్చోబెట్టి వీడియో గేములు ఆడించిన చిన్న చిన్న దుకాణాల గురించి, అక్కడ కూర్చున్న పిల్లలు ఏమనుకున్నారో చెప్పే కాగితం దాదాపు ఏదీ లేదు. ఒకే కార్ట్రిడ్జ్‌లో వందల ఆటలున్నాయని పెట్టె మీద అంకె వేసి, అవే ఆటలను తిప్పి తిప్పి చూపిన సరుకు అది. ఆ పిల్లలకు ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. మీ ఇంట్లో అన్నయ్యో, మేనమామో ఆ వయసువారు ఉంటే ఈ పాఠానికి అభ్యాసంగా వారితో మాట్లాడండి. గంటకు ఎంత ఇచ్చేవారో, ఆ డబ్బు ఎలా సమకూర్చుకొనేవారో, ఏ ఆట పెట్టమని అడిగేవారో, మోసపోయామని ఎప్పుడు అనిపించిందో అడిగి, వారు చెప్పిన మాటల్లోనే రాసుకోండి. తేదీ, ఊరు పేరు రాయడం మరిచిపోవద్దు.